కిటికీకి అడ్డంగా కుర్చీ

ఆయన దుకాణం ఒక మేడ మెట్ల కింద ఉండేది. పైకి వెళ్లేవాళ్ల చెప్పుల చప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా నెత్తిమీదే వినిపించేది. లోపల నలుగురు నిలబడితే ఐదో మనిషి వీధిలో ఆగాల్సిందే. గోడ పొడవునా అద్దాల బీరువా, అందులో వరసలు వరసలుగా కళ్లజోళ్ల ఫ్రేములు. మూలన సానచక్రం, దాని మీద చుక్క చుక్కగా నీళ్లు జారే రేకు డబ్బా. తిరిగే చక్రానికి గాజు అంచు తగలగానే సన్నటి రొద మొదలయ్యేది. ఎక్కడో దూరంగా తుమ్మెద తిరుగుతున్నట్టుండే ఆ రొదలో ఆయనకి ఒళ్లు తెలిసేది కాదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, మనసు ఎక్కడెక్కడో తిరిగొచ్చేది. ఎవరైనా వచ్చి బల్ల మీద రెండుసార్లు తడితే, నీళ్లలోంచి తల పైకెత్తినవాడిలా ఉలిక్కిపడి చూసేవాడు.

అసలు పేరు ఆయన భార్యకీ చర్చి రిజిస్టరుకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన అద్దాలయ్య. యాభై నాలుగేళ్లు, సన్నటి మనిషి, మెత్తటి మాట. పిల్లలు లేరు. భార్య మాత్రం గలగలా మాట్లాడే మనిషి, ఇంట్లో ఇద్దరి వంతు మాటలూ ఆవిడే మాట్లాడేది.

నెలలో మొదటి శనివారం అద్దాలయ్య దుకాణం తెరిచేవాడు కాదు. పొద్దున్నే ఒక చెక్కపెట్టె సైకిలుకి కట్టుకుని చర్చికి వెళ్లేవాడు. చర్చి పక్కన ఒక చిన్న గది ఉంది. పాత పాటల పుస్తకాలు, విరిగిన బెంచీలు పెట్టుకునే గది. దానికి ఒకే ఒక్క కిటికీ, పెద్దది, వీధివైపు. ఆ గదిలో కళ్లజోడు కొనుక్కోలేనివాళ్లకి ఆయన ఉచితంగా చూపు పరీక్షచేసి, మరుసటి నెలకి కళ్లజోడు చేసి ఇచ్చేవాడు. వాడేసిన ఫ్రేములు చర్చివాళ్లు పోగుచేసి ఇస్తే, వాటికి కొత్త లెన్సులు తనే అరగదీసి అమర్చేవాడు. పదమూడేళ్లుగా ఒక్క నెల కూడా మానలేదు.

పరీక్ష మామూలుగానే ఉండేది. గోడకి అక్షరాల అట్ట, ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము, అందులో ఒక్కొక్క లెన్సూ వేస్తూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడం. అసలు ఘట్టం మరుసటి నెల వచ్చేది. కళ్లజోడు తయారయ్యాక మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, తన కుర్చీ మోకాళ్లు తగిలేంత దగ్గరికి లాక్కుని, "కళ్లు మూసుకోండి" అనేవాడు. రెండు చేతులతో కళ్లజోడు పెట్టి, కాడలు చెవుల వెనక సరిచేసి, కొంచెం ఆగి, "ఇప్పుడు తెరవండి" అనేవాడు.

తెరిచేవాళ్లు. ఎన్నేళ్లుగానో అలుక్కుపోయిన లోకం ఒక్క క్షణంలో గట్టిపడి ముందుకొచ్చేది. ఆ లోకంలో అందరికన్నా ముందు కనిపించేది అద్దాలయ్య మొహం. కొందరు "అబ్బా!" అనేవాళ్లు. కొందరు ఆయన చేతులు పట్టుకుని వదిలేవాళ్లు కాదు. ఇంటింటికీ సైకిలు మీద పాలు పోసే మనిషి ఒకడు భోరుమని ఏడ్చాడు.

"ఇన్నాళ్లూ ఈ చూపుతో సైకిలెలా తొక్కావయ్యా?" అని అడిగాడు అద్దాలయ్య.

"బెల్లు కొట్టుకుంటూ తొక్కానండి. వాళ్లే తప్పుకునేవాళ్లు" అన్నాడు పాలాయన కళ్లు తుడుచుకుంటూ.

అలాంటి శనివారాల్లో మధ్యాహ్నం ఇంటికి వస్తుంటే అద్దాలయ్య సైకిలు నేల మీద నడిచినట్టుండేది కాదు. వీధంతా పాలపొంగులా తెల్లగా, మెత్తగా కనిపించేది. గుమ్మంలో అడుగు పెట్టగానే భార్య అడిగేది.

"ఇవాళ ఎంతమందిని ఏడిపించొచ్చారు?"

"ముగ్గుర్ని" అనేవాడు సిగ్గుపడుతూ. ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

ఇదంతా ప్రభువు కోసం చేస్తున్నానని ఆయన నమ్మకం. నమ్మకమేమిటి, ఆయనకి అందులో అనుమానమే లేదు. చర్చిలో ఎవరైనా మెచ్చుకుంటే, "నాదేముందండీ, అంతా ఆయనదే" అని తల దించుకునేవాడు. తల ఎంతసేపు దించుకుని ఉంచితే బాగుంటుందో కూడా పదమూడేళ్లలో ఆయనకి అలవాటైపోయింది.

ఆ శనివారం వాన పడుతోంది. పెద్ద వాన కాదు, సన్నగా, ఆగకుండా, ఎవరినీ తొందరపెట్టని వాన. గదిలో తడిసిన గొడుగుల వాసన, పాత కాగితాల వాసన కలిసిపోయి ఉన్నాయి. ఆ రోజు చివరగా కాజాలమ్మ వచ్చింది. దర్జీల దగ్గర చొక్కాలు తెచ్చుకుని, వాటికి బొత్తాలు పట్టే కాజాలు కుట్టి ఇచ్చే ముసలావిడ. డెబ్బై దాటాయి. గుడ్డని ముక్కుకి ఆనించుకుని కుట్టేది. ఆ దగ్గరి చూపు తప్ప ఆవిడకి మరో చూపు లేదు. జానెడు దూరం దాటితే అంతా మసకే.

అద్దాలయ్య కుర్చీ లాక్కున్నాడు. కళ్లు మూసుకోమన్నాడు. కళ్లజోడు పెట్టాడు. ఈవిడ తప్పకుండా ఏడుస్తుందని మనసులో అనుకున్నాడు. అనుకున్నానన్న సంగతి ఆ క్షణంలో ఆయనకే తెలియదు.

"ఇప్పుడు తెరవండమ్మా."

కాజాలమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా ఉన్న మొహాన్ని అర క్షణం చూసింది. తర్వాత మెడ పక్కకి సాచింది.

"నాయనా, కాస్త పక్కకి జరుగు. నీ వెనకాల ఏదో కదులుతోంది."

అద్దాలయ్యకి అర్థం కాలేదు. వెనక్కి తిరిగి చూశాడు. కిటికీ, వాన తప్ప ఏమీ లేదు.

"ఏం లేదమ్మా. వాన."

"వానా?" కాజాలమ్మ స్టూలు మీదినించి లేచి, ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకి నెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లింది. ఊచలు పట్టుకుని నిలబడిపోయింది. "వాన ఇలా గీతలు గీతలుగా పడుతుందా! చిన్నప్పుడెప్పుడో చూశాను. ఇన్నేళ్లూ నాకు వానంటే చప్పుడేనయ్యా."

చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత గొడుగు తీసుకుంది. గుమ్మం దాటాక గొడుగు తెరవడం కూడా మరిచిపోయి, మొహం పైకెత్తుకుని, కళ్లజోడు మీద చినుకులు పడుతుంటే వాటినీ చూసుకుంటూ వెళ్లిపోయింది. ఆయనకి ఒక్క మాట చెప్పలేదు.

అద్దాలయ్య పెట్టె సర్దుకున్నాడు. ఛాతీలో ఏదో గుచ్చుకుంటోంది. మొదట ఆకలనుకున్నాడు. సైకిలు సగం దారి వెళ్లాక, అది కోపమని తెలిసింది.

కోపం! ఎవరి మీద? వాన చూసి మురిసిపోయిన ముసలావిడ మీద. ఆయన సైకిలు దిగి, ఒక మూసేసిన కొట్టు చూరు కింద నిలబడ్డాడు. అక్కడ నిలబడి ఆ కోపాన్ని, చేతిలోకి తీసుకున్న గాజుముక్కని వెలుతురులో తిప్పి చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆవిడ చూపు బాగుపడింది. తను చేసిన పని నూటికి నూరు పాళ్లు నెరవేరింది. మరి తన సొమ్ము ఎవరో పట్టుకుపోయినట్టు ఈ మంట ఏమిటి?

ఇంటికి వెళ్లాక భార్యకి చెప్పాడు, అన్నం కలుపుతూ, నవ్వులాటగా చెబుతున్నట్టు. "నన్ను పక్కకి జరగమందే!"

భార్య పగలబడి నవ్వింది. "మరి మీరెప్పుడూ కిటికీకి అడ్డంగానే కూర్చుంటారు కదండీ. నేను గది ఊడ్చడానికి వచ్చిన రోజే అనుకున్నాను. కుర్చీ కాస్త పక్కకి వేసుకుంటే ఆ కళ్లు తెరిచినవాళ్లకి వీధంతా కనిపించేది కదా, ఈయనేమిటి తలుపేసినట్టు కూర్చున్నాడు అని."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీ మొహం చిన్నబోతుందని."

ఆయన మొహం అప్పుడే చిన్నబోయింది. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

ఆ రోజునించి అద్దాలయ్య తన లోపలికి తను చూసుకోవడం మొదలుపెట్టాడు. వృత్తి అలాంటిది కనక ఆ చూడడం కూడా మామూలుగా ఉండలేదు. ఒక గీత కనపడితే దాని వెనక గీత, దాని వెనక మరో గీత. చర్చికి వచ్చేవాళ్లు జబ్బుపడితే చూడ్డానికి వెళ్లేవాడు కదా, అందరికన్నా ముందు వెళ్లాలన్న తాపత్రయం ఎందుకు? ప్రార్థనకి లేచినప్పుడు గొంతు కొంచెం వణికించేవాడు కదా, ఆ వణుకు నిజంగా వచ్చిందా, తెచ్చుకున్నదా? మెచ్చుకున్నప్పుడు తల దించుకోవడం వినయమా, ఇంకొంచెం మెచ్చుకోమని అడగడమా? ఎక్కడ చెయ్యిపెడితే అక్కడ తడిగోడ పెచ్చు ఊడినట్టు ఊడి వచ్చింది.

మరుసటి నెల మొదటి శనివారం చర్చి గది తలుపు మీద కాగితం అంటించాడు. ఈ నెల కళ్లద్దాల పని లేదు. ఆ తర్వాతి నెల కూడా అదే కాగితం. మూడో నెల కూడా. మనసు శుభ్రపడేదాకా ఆ పని ముట్టుకోకూడదని ఆయన నిర్ణయం. మురికి చేతులతో ప్రభువుకి ఏమిస్తాం?

ఇంట్లో పరిస్థితి మరీ విచిత్రంగా తయారైంది. ఒకసారి భార్య, "కాసిన్ని మంచినీళ్లిస్తారా?" అంటే గ్లాసు ముంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఏమైంది?"

"నీ మీద ప్రేమతో ఇస్తున్నానా, మంచివాడినని నువ్వు అనుకోవాలని ఇస్తున్నానా అని..."

"ముందు నీళ్లివ్వండి మహాప్రభో! కారణం తర్వాత తీరిగ్గా కనుక్కుందురుగాని."

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం దుకాణంలో ఒక మందపాటి లెన్సు అరగదీస్తున్నాడు. చక్రం తిరుగుతోంది. డబ్బాలోంచి చుక్క తర్వాత చుక్క పడుతోంది. మెట్ల సందులోంచి పడిన ఎండపట్టీలో గాజుపొడి కలిసిన నీటి తుంపర పొగమంచులా తేలుతోంది. ఆ తుంపర వంక చూస్తూ చూస్తూ ఆయన ఎప్పుడు తొమ్మిదేళ్ల పిల్లాడైపోయాడో తెలియలేదు.

ఇదే దుకాణం. అప్పుడది ఆయన మేనమామది. బడిలో నల్లబల్ల మీద ఏం రాశారో కనపడక రోజూ చీవాట్లు తినే పిల్లాడు ఒక స్టూలు మీద కాళ్లాడిస్తూ కూర్చున్నాడు. మనుషులంటే ఆ పిల్లాడికి రంగు మచ్చలే. అమ్మ ఆకుపచ్చ మచ్చ, టీచరు గళ్ల మచ్చ. మావయ్య చల్లటి చేతులతో చెవుల వెనక ఏదో తగిలించాడు. "కళ్లు తెరువురా" అన్నాడు. తెరిచాడు. మచ్చలోంచి ఒక మొహం బయటికొచ్చింది. మీసంలో ఒక్క తెల్ల వెంట్రుక. కంటి కింద సన్నటి మడతలు. ఆ కళ్లలో నీళ్లు, ఆ నీళ్లలో కిటికీ. తనని చూసి ఇంతగా సంతోషించే మొహం లోకంలో ఒకటి ఉందని ఆ పిల్లాడికి అప్పటిదాకా తెలియదు. తర్వాత ఎన్నో ఏళ్ల వరకూ, ఆదివారం బడిలో దేవుడి గురించి చెప్పినప్పుడల్లా, వాడికి ఆ మొహమే కనిపించేది.

చక్రం ఆగింది. అద్దాలయ్య కళ్లు తుడుచుకున్నాడు. చర్చి గదిలో తను కుర్చీ అంత దగ్గరగా వేసుకున్నది ఇందుకేనని అర్థమైంది. మావయ్య తనకి ఇచ్చిన మొహం తను ఇంకొకరికి ఇవ్వాలని. అంతవరకూ మంచిదే. కానీ ఇవ్వాలన్న కోరిక పుచ్చుకోవాలన్న కోరికగా ఎప్పుడు మారింది? ఆ అతుకు ఎక్కడుందో ఎంత వెతికినా కనపడలేదు. రెండూ ఒకే గాజులో కలిసిపోయి ఉన్నాయి. అరగదీస్తే రెండూ పోతాయి.

మూడో నెల చివర్లో పాస్టరుగారు దుకాణానికి వచ్చాడు. ముప్ఫై రెండేళ్ల కుర్రాడు. తల వంచుకుని మెట్ల కిందికి దూరి, స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంటన్నా, ఆ కాగితం ఇంక ఊడదా?"

అద్దాలయ్య అంతా చెప్పాడు. కాజాలమ్మ, వాన, కోపం, కుర్చీ, అంతా. చెప్పడం అయ్యాక, ఇప్పుడీయన ఏదో వాక్యం చెప్పి ఓదారుస్తాడని ఎదురుచూశాడు.

పాస్టరుగారు బల్ల మీదికి చెయ్యి చాచాడు. ఒక పాత ఫ్రేము తీసుకుని దాని కాడలు మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. చివరికి అన్నాడు.

"ఆదివారం ఆరాధన అయ్యాక నేను గుమ్మంలో నిలబడతాను, చూశావా?"

"అందరికీ చెయ్యి కలపడానికి."

"ప్రసంగం బాగుందని ఎవరైనా అంటారేమోనని నిలబడతానన్నా. ఎవరూ అనకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు. మా ఆవిడకి తెలుసు, ఆ రోజు నన్ను పలకరించదు."

అద్దాలయ్య ఆశ్చర్యపోయాడు. "మరి ఏం చేస్తారు?"

"మళ్లీ ఆదివారానికి ప్రసంగం రాసుకుంటాను. రాసేముందు ఆయనకి చెప్పుకుంటాను. ఇదీ నా సంగతి, నువ్వు చూస్తూనే ఉన్నావు, వీళ్లు ఆకలితో వస్తారు, నన్ను అడ్డం రానివ్వకుండా వీళ్లకి పెట్టు, అని. అంతకన్నా నాకు తెలియదన్నా. తెలిస్తే నీకు చెప్పేవాడినే."

వెళ్తూ వెళ్తూ మెట్టుకి తల కొట్టుకుని, "అబ్బా!" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ కాగితం ఊడలేదు. పాస్టరుగారు పెద్ద మనసుతో తన తప్పు చెప్పుకున్నాడు సరే, తన సంగతి ఏమిటి? తన లోపలి మురికి తనదే కదా అని అద్దాలయ్య పట్టుదల.

ఆయన వచ్చి వెళ్లిన నాలుగో రోజు కాజాలమ్మ దుకాణానికి వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో ముసలావిడని పట్టుకుని నడిపించుకుంటూ, మెట్ల కిందికి జాగ్రత్తగా వంగి వచ్చింది.

"ఇది మా చెల్లెలు. నాకేమో దూరం కనపడేది కాదు, దీనికేమో దగ్గర కనపడదు. పాత కళ్లద్దాలు విరిగి నాలుగేళ్లయింది. మొన్న టీలో పంచదారకి బదులు ఉప్పేసింది. నోరెత్తకుండా తాగేశాను, అంటే బాధపడుతుందని." చెల్లెలి వంక ఓరగా చూసింది. "బాధపడుతుందని కాదులే. మళ్లీ పెట్టేదాకా ఆగే ఓపిక లేక."

"అప్పుడే చెప్పొచ్చుగా అక్కా! నేనూ అదే టీ తాగాను" అంది చెల్లెలు.

"నువ్వూ తాగావా? మరి నువ్వెందుకు అనలేదు?"

"నువ్వు ఏమీ అనకపోతే, నా నాలుకే పాడైందేమో అనుకున్నాను."

అద్దాలయ్య చెల్లెలిని స్టూలు మీద కూర్చోబెట్టబోయి ఆగాడు. చెయ్యి లెన్సుల పెట్టె మీదే ఉండిపోయింది.

"కాజాలమ్మా, నీకో మాట చెప్పాలి. ఆ శనివారాల పని నేను మానేశాను. ఎందుకో తెలుసా? ఇన్నేళ్లూ ప్రభువు కోసం చేశాననుకున్నాను. కాదు. మీరంతా కళ్లు తెరిచి, నా మొహం చూసి అబ్బా అనాలని చేశాను. నువ్వు అనకుండా వెళ్తే నీ మీద కోపమొచ్చింది నాకు."

గొంతు నిజంగానే వణికింది. ఈసారి వణికించింది కాదు.

కాజాలమ్మ కళ్లజోడు పైకి జరుపుకుని ఆయన వంక చూసింది.

"ఓస్, అదా! ఆ సంగతి మాకు తెలియనిదేముంది నాయనా?"

"తెలుసా?"

"బెంచీ మీద వరసగా కూర్చుంటాం కదా. పాతవాళ్లు కొత్తవాళ్లకి చెబుతారు. కళ్లు తెరవగానే ముందు ఆయన మొహం వంక చూడు, చూసి గట్టిగా ఏదో ఒకటి అను, ఆయనకదో సరదా, సంతోషంగా ఉంటే కాడలు ఇంకోసారి సరిచేసి స్క్రూలు బిగించి ఇస్తాడు అని. మాకందరికీ ఇది నోటికి వచ్చిన పాఠమే."

అద్దాలయ్యకి పదమూడేళ్ల శనివారాలు ఒక్కొక్కటిగా కళ్లముందు తిరిగాయి. ఆ "అబ్బా"లు, ఆ చేతులు పట్టుకోవడాలు.

"అయితే పాలాయన... వాడు ఏడ్చింది కూడా?"

"వాడు నిజంగానే ఏడ్చాడులే, వాడికి అసలే ఏడుపెక్కువ. నాకన్నా ముందు కళ్లజోడు పెట్టించుకున్న ఇస్త్రీ ఆవిడ మాత్రం బయటికొచ్చి నన్నడిగింది, సరిపోయిందా పిన్నీ, ఇంకాస్త గట్టిగా అనాల్సిందా అని."

"మరి నువ్వెందుకు అనలేదు?"

"అందామనే అనుకున్నానయ్యా. వాన అడ్డొచ్చింది."

అద్దాలయ్య బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నాడేమోనని అక్కచెల్లెళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. కాదు, నవ్వుతున్నాడు. మొదట సిగ్గుతో, తర్వాత ఆపుకోలేక, కడుపు పట్టుకుని నవ్వాడు. తనొక్కడే మోస్తున్నాననుకున్న రహస్యాన్ని ఇంతమంది ఇన్నేళ్లుగా ఎంత ఓర్పుతో, ఎంత మర్యాదగా మోశారో!

"మీకెవరికీ కోపం రాలేదా నామీద?"

"కోపమెందుకు? అద్దాలైతే నిజమైనవేగా." కాజాలమ్మ చెల్లెలి భుజం తట్టింది. "నీ మనసు బాగుచేసుకోవడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందంటావు?"

"తెలియదమ్మా."

"దీనికి డెబ్బై దగ్గర పడ్డాయి. కాస్త తొందరగా కానీ."

అద్దాలయ్య ఇనప ఫ్రేము తీశాడు. ఒక లెన్సు వేశాడు. "ఇది బాగుందా," అని ఇంకోటి వేసి, "ఇదా?" అన్నాడు.

ఆ సాయంత్రం దుకాణం కట్టేశాక చర్చి గదికి వెళ్లాడు. కాగితం చింపేశాడు. గదిలో ఎవరూ లేరు. పొద్దు వాలే వెలుతురు కిటికీలోంచి వచ్చి పాత పాటల పుస్తకాల మీద, నేల మీద తేనెలా పరుచుకుని ఉంది. ఆయన మోకరించలేదు, ఏ వాక్యమూ వల్లించలేదు. స్టూలు మీద కూర్చుని మాట్లాడాడు, మావయ్యతో మాట్లాడినట్టు.

"నా లోపల ఉన్నది నీకు మొదటినించీ తెలుసు. వాళ్లకీ తెలుసట. చివరగా తెలిసింది నాకే. ఇప్పటికీ నాకు ఆ అబ్బా కావాలనే ఉంది. లేదంటే అబద్ధం అవుతుంది. అది పోయేదాకా ఆగుదామంటే ఆ చెల్లెలు ఉప్పు టీ తాగుతూనే ఉంటుంది. అందుకని ఇలాగే వస్తున్నాను. నువ్వే చూసుకో."

జవాబేమీ వినిపించలేదు. కానీ చాలాసేపు అక్కడ కూర్చున్నాడు. కూర్చుంటే ఏదో ఒక పెద్ద చెయ్యి తన నెత్తిమీద బరువు లేకుండా ఆని ఉన్నట్టనిపించింది. లేచాక స్టూలుని కిటికీకి ఎదురుగానే ఉంచి, తన కుర్చీని ఎత్తి గోడవార పెట్టాడు.

మొదటి శనివారం వచ్చింది. అద్దాలయ్య ఈసారి స్టూలు వెనక నిలబడ్డాడు. వెనకనించే కళ్లజోడు పెట్టి, వెనకనించే కాడలు సరిచేసి, "తెరవండి" అన్నాడు. మొదట వచ్చిన తాపీమేస్త్రీ కళ్లు తెరిచి, బెంచీ మీద విన్న పాఠం ప్రకారం ఆయన మొహం కోసం అటూ ఇటూ వెతికాడు. కనపడకపోయేసరికి బిక్కమొహం వేసి, కిటికీలోకి చూసి, "ఎదురింటి గోడ ప్లాస్టరింగు ఎవరు చేశారండీ? ఇంత అన్యాయమా!" అన్నాడు.

అలా నలుగురయ్యారు. ఐదో మనిషి వెళ్లాక అద్దాలయ్యకి లోపల ఏదో చల్లగా, తియ్యగా అనిపించింది. వెనక నిలబడడం ఎంత గొప్ప సంగతి! ఎవరికీ కనపడకుండా చెయ్యడం ఎంతమందికి చేతనవుతుంది? అలా రెండు నిమిషాలు ఆ తీపిలో తేలాక, గతుక్కుమన్నాడు.

అప్పుడే పాస్టరుగారు గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఎలా ఉందన్నా?"

"ఏం చెప్పమంటారు? ముందు కూర్చుంటే అదో గర్వం, వెనక నిలబడితే ఇదో గర్వం. ఇది నాతోపాటే సైకిలెక్కి వచ్చేస్తోందండీ."

పాస్టరుగారు గది దద్దరిల్లేలా నవ్వాడు. "దానికీ ఒక స్టూలు వెయ్యన్నా. కూర్చోనీ. నీ పని నువ్వు కానీ."

చివరగా అక్కచెల్లెళ్లు వచ్చారు. చెల్లెలు స్టూలు మీద కూర్చుంది. కాజాలమ్మ కిటికీకి ఆనుకుని, చెల్లెలికి ఎదురుగా నిలబడింది. అద్దాలయ్య వెనకనించి కళ్లజోడు పెట్టాడు. చెల్లెలి తెల్లటి జుట్టు, దువ్వెన గీసిన పాపిడి మాత్రమే ఆయనకి కనిపిస్తున్నాయి.

"తెరవండమ్మా."

చెల్లెలి తల కొంచెం పైకి లేచింది.

"అక్కా," అంది చెల్లెలు మెల్లగా. "ఎంత ముసలిదానివైపోయావే!"

"నువ్వేం తక్కువ తిన్నావా? నీ మొహం నేను నాలుగు నెలల్నించి చూస్తున్నా. బాధపడతావని చెప్పలేదు."

చెల్లెలు లేచి అక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. గుడ్డలో నేత చూసినట్టు, దగ్గరగా, ఒక్కొక్క ముడతనీ చూసింది. ఇద్దరూ నవ్వారు, ఏదో గొణుక్కున్నారు, మళ్లీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే ఒకరినొకరు పట్టుకుని గుమ్మం దాటి వెళ్లిపోయారు. స్టూలు వెనక ఒక మనిషి నిలబడి ఉన్నాడన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. సంచి మరిచిపోయి కాజాలమ్మ వెనక్కి వచ్చింది. సంచి తీసుకుంది. అప్పుడు కూడా ఏమీ అనలేదు.

గుచ్చుకుంది. అదే చోట, అదే ముల్లు. ఈసారి ఆకలని ఆయన పొరబడలేదు. "ఇదిగో, ఇది" అని లోపల్లోపలే చూపించాడు, వైద్యుడికి నొప్పి ఉన్నచోటు చూపించినట్టు. చూపించి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

వీధిలో ఎండ కాస్తోంది. ఆ చివరిదాకా అక్కచెల్లెళ్లు నడుస్తూ వెళ్తున్నారు. పెద్దావిడ చెయ్యి చాచి దూరంగా ఉన్న కొట్ల బోర్డులు ఒక్కొక్కటే పైకి చదువుతోంది. చిన్నావిడ సంచిలోంచి ఏదో పాత బస్సు టిక్కెట్టు బయటికి తీసి, దాని మీద ఉన్న చిన్న చిన్న అక్షరాలన్నీ వదలకుండా అంతే గట్టిగా చదువుతోంది. ఒకరి మాట ఒకరు వినడం లేదు. వీధి మలుపు దాకా వాళ్ల గొంతులు వినిపించాయి. తర్వాత మలుపు తిరిగాయి.